నర్సవ్వ సాఁగఁదీసిన వ్రేళ్లు

వైశాఖమాసపు మధ్యాహ్నమునఁ బ్రచండమార్తాండకిరణసంతప్తమై పురమెల్లఁ గొలిమివలెఁ గాఁగుచుండ ఆస్పత్రి వసారాయందు భర్త మంచమునొద్ద నర్సవ్వ గుండె చిక్కఁబట్టుకొని కూర్చుండెను. కల్లు గీయఁబోయి తాటిచెట్టునుండి పడి మెడయెముక విఱిగిన కాటమయ్యకు మణికట్టులు కదలుచుండెను గాని వ్రేళ్లు చచ్చుపడి యుండెను. మణికట్టు పైకెత్తినంతనే వ్రేళ్లు తమంతఁ దాము ముడుచుకొని వస్తువును బట్టునట్లు చేయుటకై, చేతుల కసరత్తు నేర్పు సుభాషిణి ఆ వ్రేళ్లను వంచియుంచి వాని నరములు బిగియునట్లు చేయు తొడుగు నొకదానిని దొడిగి విప్పవలదని చెప్పియుండెను. ఆ పట్టు కుదిరెనేని యతఁడు తనంతఁ దాను దినఁగలఁడు. కుదురదేని బ్రదికినన్నాళ్లు పరుల చేతి ముద్దయే. పరీక్ష నేఁడే.

సుభాషిణి తొడుగు విప్పి యరచేతఁ దేలికైన గ్లాసు నుంచెను. కాటమయ్య పండ్లు బిగించి మణికట్టు లేపెను. వ్రేళ్లు ముడుచుకొనవయ్యెను. గ్లాసు జాఱి నేలఁబడి దొరలెను.

ఆమె యా వ్రేళ్లను దడవి కనుబొమలు ముడిచెను. "వేళ్లు వదులైపోయాయి. ఎవరైనా వీటిని చాపి లాగుతున్నారా?"

నర్సవ్వ లేచి నిలుచుండెను. గీతకత్తి పట్టి కొయ్యబాఱిన మగని చేతులకు నువ్వులనూనె రాచి వ్రేళ్లు సాఁగఁదీయుట కాఁపురమునకు వచ్చిననాఁడే యత్త నేర్పిన యుపచారము. వంకరవోవు వ్రేళ్లను జూడలేక దినదినమును వేకువనే తొడుగు విప్పి యా పనియే చేయుచుండెను.

"నేనే గుంజిన మేడమ్. వంకరగ బిగుసుకపోతయని బుగులైంది. నా చేతులతోనే ఆయన చేతులు పాడుచేసిన్నా?"

కాటమయ్య గోడవైపు మొగము ద్రిప్పుకొనెను. అది తిట్టుకంటె నెక్కువగా నామెను గోసెను.

"పూర్తిగా పోలేదు. మళ్లీ కడతాను. ఈసారి విప్పితే మాత్రం నేనేమీ చేయలేను," అని సుభాషిణి పలికెను.

వానలు పట్టెను. ముడుచుకొనుచున్న వ్రేళ్లను గన్నులెదుటఁ జూచుచు నూనెబుడ్డి ముట్టక యుండుట నర్సవ్వకుఁ బ్రాణము పోవునంత పనియయ్యెను. మగఁ డామెతో ముక్తసరిగాఁ దప్ప మాటలాడఁడయ్యెను.

శ్రావణమున నొకనాఁడు సుభాషిణి తొడుగు విప్పి యతని ముందు జొన్నరొట్టె తునక యుంచెను. మణికట్టు వడఁకుచు లేచెను. వ్రేళ్లు మెల్లమెల్లగా దగ్గఱపడి తునకను గఱచిపట్టెను. అది నోటిదాఁక వచ్చి జాఱఁబోవ నర్సవ్వ చేతులు చాఁచెను.

"నువ్వు ముట్టకు నర్సీ. పడితే పడనీ."

ఎన్నాళ్లకో తన పేరు మగని నోట వినఁబడి యామె కన్నులు చెమర్చెను. సగము రొట్టె ఱొమ్ముపై రాలెను. సగము నోటఁ బడెను. తుడువ నుబలాటపడు చేతులను గొంగులోఁ జుట్టుకొని నర్సవ్వ కదలక కూర్చుండెను. ప్రేమించువారికిఁ జేయుటకంటెఁ జేయక యుండుటయే కష్టము.