కళ్ళు తెరవండి మేడమ్

నేను ఒక ట్వీజర్‌ని. పట్టకారు అంటే మీరు పొయ్యి మీది గిన్నె దించేదాన్ని ఊహించుకుంటారని ఆ మాట వాడటం లేదు. నా మూతి సన్నం, కాస్త వంపు. ఒక వెంట్రుకను పక్క వెంట్రుకకు తెలియకుండా విడదీయగలను. ఇంత నేర్పూ ఉండి నేను చేసిందల్లా ఆడవాళ్ళ కనురెప్పలకు దొంగ వెంట్రుకలు అతికించడం.

మొదట నన్ను కొన్నావిడ నాతో గడ్డం మీది వెంట్రుకలు పీక్కునేది. ఆ బతుకు గురించి చెప్పను. ఆవిడ పార్లర్ మూసేసి సామాను పంచిపెడితే, విశాఖపట్నంలో సింహాచలం చేతికి వచ్చాను. ఇంట్లో పెట్టిన పేరు సింహాచలం, ఆమె ఒంటిగది పార్లర్ బోర్డు మీద సిమ్మి. అసలు పేరు ఆ గదిలో ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

సిమ్మి చేయి మంచిదే, గాలి మంచిది కాదు. సముద్రపు తడికి జిగురు తొందరపడి గట్టిపడి, పట్టు లేకుండా పోయేది. అతికించినవి వారం తిరక్కుండా రాలేవి. ఒక పెళ్ళికూతురికి రిసెప్షన్ వేళకు ఒక కన్ను నిండుగా, ఒక కన్ను బోసిగా మిగిలింది. ఇక గది ఖాళీ చేసి అక్క దగ్గర జాకెట్లు కుట్టుకోవడమే అని సిమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరవాత మొండికేసింది. గాలిలో తడి చూపించే మీటరు గోడకు తగిలించింది. రెప్పల జిడ్డు నురుగుతో కడిగి, చిన్న ఫ్యాన్‌తో ఆరబెట్టి, ఆ తరవాతే నన్ను పట్టుకునేది. జిగురు బొట్టు పాతబడగానే తుడిచేసి కొత్తది వేసేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం హైమ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నీరుకావి చీర, రెప్ప వేయని చూపు. పడుకోబెడితే కళ్ళు మూయలేదు. రెప్పలు పొడిబారి ఉంటాయనుకుని సిమ్మి తన వేళ్ళతో మెల్లగా దించి, తెరుచుకోకుండా టేపు వేసింది.

నేను తాకగానే ఎవరి రెప్పైనా అదురుతుంది. ధైర్యవంతులదీ అదురుతుంది, నిద్రపోయేవాళ్ళదీ అదురుతుంది. మనుషులను నేను పోల్చుకునేది ఆ అదురుతోనే. హైమ రెప్ప అదరలేదు. చల్లగా ఉంది. ఏసీ అనుకుంది సిమ్మి. పని ముగిశాక అలవాటుగా, కళ్ళు తెరవండి మేడమ్, అంది. హైమ చాలాసేపటికి, ఇష్టం లేకుండా తెరిచింది.

నెల తరవాత వచ్చింది. అతికించినవి ఒక్కటీ రాలలేదు. అయినా సిమ్మి ఆమె రెప్పలు మూసి, కడిగి దువ్వి పంపింది. మళ్ళీ నెలకూ అంతే. సిమ్మి ఆనందానికి హద్దుల్లేవు. హైమ కళ్ళను ఫోటో తీసి, పెద్దది చేయించి గోడకు పెట్టింది. ఆ ఫోటో చూసి జనం రావడం మొదలుపెట్టారు. వాళ్ళకూ ఇప్పుడు మూడు నాలుగు వారాలు నిలుస్తున్నాయి. గది నిలబడింది. మనుషులకు ఒక మంచి ఎదురైతే అది తమ పనితనమే అనుకుంటారు. నాకు మాత్రం హైమ వచ్చిన రోజున ఉక్కంతా జివ్వుమనేది.

ఒకనాడు కొత్తగా వచ్చినావిడ రాలిన వాటి గురించి పేచీ పెట్టుకుంది. సిమ్మి రోజూ చెప్పేదే చెప్పింది.

"మీ సొంత వెంట్రుక రాలినప్పుడు దాంతోపాటు ఇదీ రాలిపోద్ది మేడమ్. కింద కొత్తది మొలుస్తాది. బతికున్న మనిషికి అది మామూలే..."

అక్కడ ఆగింది. గోడ మీది ఫోటో వైపు చూసింది.

మళ్ళీ హైమ వచ్చినప్పుడు సిమ్మి వద్దనలేకపోయింది. ఎప్పటిలాగే రెప్పలు దించి టేపు వేసింది. నాతో ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తూ మొదళ్ళలో వెతికింది. లేత వెంట్రుక ఒక్కటైనా కనిపిస్తే చాలు, ఈ భయం పిచ్చిదని నవ్వుకునేది. ఒక్కటీ లేదు.

"వెతక్కమ్మా సింహాచలం. ఇంక మొలవవు," అంది హైమ.

ఆమెకు ఆ పేరు ఎవరూ చెప్పలేదు. మరి నా దగ్గరికెందుకొస్తన్నారు, అని సిమ్మి ఎలాగో అడిగింది.

"నేను పోయినప్పుడు పక్కన ఎవరూ లేరు. కళ్ళు అలాగే ఉండిపోయాయి. మొదటిసారి మూసింది నువ్వే. మూసిన ప్రతిసారీ నువ్వే తెరవమంటావు. ఈసారి అనకు తల్లీ."

సిమ్మికి తలుపు తీసుకుని పరుగెత్తాలనే ఉంది. కానీ పరుగెత్తలేదు. టేపు నెమ్మదిగా తీసింది. నన్ను పక్కన పెట్టి, అరచేయి ఆ చల్లని రెప్పల మీద ఆనించి కూర్చుంది. నోటిదాకా వచ్చిన అలవాటు మాటను పళ్ళ బిగువున ఆపుకుంది. ఎంతసేపో నేను చెప్పలేను. అరచేతి కింద ఏమీ లేదని తెలిసినప్పుడు మంచం ఖాళీగా ఉంది. తువ్వాలు మీద నల్లగా వెంట్రుకలు, అన్నీ రాలి ఉన్నాయి. రాలినందుకు సిమ్మి ఏడ్చింది, సంతోషంతోనే.

ఫోటో తీసేసింది. ఆ వెంట్రుకలనూ నన్నూ ఒక రేకు డబ్బాలో పెట్టి మూసింది. ఇప్పుడు వేరే ట్వీజర్ పనిచేస్తోంది. మూత లోపలి నుంచి నాకు అన్నీ వినిపిస్తాయి. పని ముగియగానే సిమ్మి, కళ్ళు తెరవండి మేడమ్, అంటుంది. ఆ తరవాత ఎదుటి మనిషి కళ్ళు తెరిచేదాకా ఆమె ఊపిరి వినిపించదు.