వేటలో ఉన్నవాడి ఇన్సూరెన్సు

శివాజీ వేటకని సముద్రం మీదికి వెళ్లి ఏడు నెలలు దాటింది. తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది గానీ మనిషి రాలేదు. శవమూ దొరకలేదు. ఇక ఆగకూడదని శ్రీముఖలింగంలో పురోహితుడు ముహూర్తం పెట్టాడు. రేపు పొద్దున దర్భలతో బొమ్మ కట్టి దహనం చెయ్యాలి. నిప్పు పెట్టవలసినవాడు తమ్ముడు ఎర్రన్న. ఆ వెనక వదిన లక్ష్మణమ్మ చేతుల గాజులు తీసేస్తారు.

చేపలు మోసే ఆటో ఇంకా అన్న పేరునే ఉంది. పేరు మార్చాలంటే ఇన్సూరెన్సు ఉండాలన్నారు. ఈపాటికి గడువు దాటిపోయి ఉంటుందనుకుంటూ ఎర్రన్న మధ్యాహ్నం శ్రీకాకుళంలో నెట్ సెంటరుకు వెళ్లాడు. మా అన్న బండి అని చెప్పి నంబరిస్తే దాన్ని నడిపే భరణి కొట్టింది.

"ఉన్నాది బాబూ. వచ్చే ఏడు దాకా సెల్లుతాది. పోయిన నెల్లోనే కట్టారు."

"ఎవలు కట్టారమ్మా?"

"ఇంకెవలు, ఓనరే. ఫోన్లోంచి కట్టినట్టున్నాది. ఎక్కడున్నాడు మీ అన్న?"

ఎర్రన్న నోట అలవాటైన మాటే వచ్చింది. సముద్రంలో తప్పిపోయినవాణ్ణి దహనం కానంతవరకూ వాళ్ల పేటలో పోయాడనరు. అలా అంటే మనమే గంగమ్మకు అప్పజెప్పినట్టు.

"ఏటకెళ్లాడమ్మా."

ఏట అంటే చేపల వేట. సాయంత్రానికి తిరిగొచ్చే మనిషే అనుకుంది భరణి.

"అయితే పాలసీ కాగితం తీసేద్దాం. ఆయన ఫోనుకి నాలుగంకెలు పంపించాను. ఫోన్ చేసి కనుక్కో."

వద్దని చెప్పబోయాడు ఎర్రన్న. అంతలోనే ఫోన్ తీశాడు. ఈ ఏడు నెలల్లో ఆ నంబరుకు ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. ఎప్పుడూ స్విచ్ ఆఫే. ఇప్పుడు చేస్తే మోగింది. మూడుసార్లు మోగి ఆగిపోయింది. వెంటనే అన్న నంబరు నుంచి మెసేజీ వచ్చింది. నాలుగంకెలు, అంతే.

భరణి అవి చూసి కొట్టింది. తెర మీద పాలసీ తెరుచుకుంది.

"సముద్రంలో కూడా సిగ్నల్ ఉన్నాదే. మా ఇంట్లో డాబా ఎక్కితే గానీ దొరకదు," అని నవ్వింది.

ఎర్రన్న బయటికొచ్చి మళ్లీ చేశాడు. స్విచ్ ఆఫ్.

ఇంటికి వెళ్లి కులపెద్ద జోగయ్యకు, వదినకు జరిగినదంతా చెప్పాడు.

"ఒరే, వాడని నంబర్లు ఇంకోడికి ఇచ్చేస్తారంట. ఎవడో నీతో ఆడుకుంటన్నాడు," అన్నాడు జోగయ్య.

"ఇంకోడైతే అన్న బండికి ఇన్సూరెన్సు ఎందుకు కడతాడు మావా?"

బతికున్నవాడికి నిప్పు పెడితే పాపం. పోయినవాడికి పెట్టకపోతే వాడికి దారి ఉండదు. ఈ రెండింటిలో ఏది పెద్ద పాపమో పురోహితుడికైనా తెలుస్తుందా అనిపించింది ఎర్రన్నకు. దేవుణ్ణి అడుగుదామంటే ఆయన ఎప్పుడు నోరు విప్పాడు గనక.

లక్ష్మణమ్మ చేతుల గాజులు ఒకసారి తడుముకుంది. చివరికి, "బండికి కట్టాడు. నాకు ఒక్క మాట పంపనేదు. రేపు కానియ్యండి," అంది.

పొద్దున్నే ఒడ్డున దర్భబొమ్మను పడుకోబెట్టారు. దర్భలు వారం రోజులు డాబా మీద ఎండినవి. కట్టినప్పుడు చేతిలో గలగలలాడాయి. ఎర్రన్న కళ్లు మూసుకుని నిప్పు పెట్టాడు. అంటుకోలేదు. మళ్లీ పెట్టాడు, నెయ్యి పోసి మరోసారి పెట్టాడు. పొగ కూడా రాలేదు.

జోగయ్య వంగి బొమ్మ ఛాతీ మీద చెయ్యి వేశాడు. తీసి చూసుకుంటే అరచేయి తడిగా ఉంది. వేలు నాలుకకు ఆనించుకుని ఎర్రన్న వైపు చూశాడు.

"ఉప్పు నీల్లు రా."

గాజులు తీయించుకోవడానికి చాచిన చేతులు లక్ష్మణమ్మ మెల్లగా వెనక్కి తీసుకుంది. కొంగులో దాచుకుంది.