పదకొండు ఒకట్లు

లక్షా పదకొండువేల నూట పదకొండులో ఇరవై ఒక్కవేల ఆరువందల నలభై తొమ్మిది ఐదుసార్లు పోతుందని పలక మీద వేసి, ఉప్పలయ్య లేచి అడ్డకొయ్య ఎత్తాడు. బండి దాటింది. కొయ్య దించి, మళ్లీ గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. కోదాడ అవతల బెజవాడ బాట మీద నిజాం సర్కారు సుంకం నాకా అది. కొయ్యకు అటు నిరుడే స్వరాజ్యం వచ్చింది, ఇటు రాలేదు. ఉప్పలయ్య మాత్రం పంతొమ్మిదేళ్లుగా కొయ్య కిందే ఉన్నాడు.

మనిషిని చూస్తే చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎండిన చింతబరికెలాంటి ఒళ్లు, తాడు లాగిలాగి కాయలు కాసిన కుడి అరచెయ్యి, రెండే గుండీలు మిగిలిన ఖాకీ చొక్కా. చదివింది నాలుగో తరగతి. ఆరేళ్ల కిందట ఒక బడిపంతులు, తన బండి తనిఖీ అయ్యేదాకా ఊసుపోక, పదకొండు ఒకట్లు వరసగా రాసి చూపాడు. "ఇది ఇరుగుతది ఉప్పలయ్యా, శేషం లేకుండ. దేంతోనో నువ్వే సూడు" అని ఒట్టేసి మరీ చెప్పి పోయాడు. పోయినవాడు మళ్లీ రాలేదు. లెక్క మాత్రం ఈయన మెడకు చుట్టుకుంది.

మూడుతో పోదు, ఏడుతో పోదు, పదమూడుతో పోదు. వేరే చిన్న అంకెలతో తామే విరిగే అంకెలను వదిలేసి, మిగిలినవాటితో రోజుకొకటి, శుక్రవారం సెలవునాడు రెండు చొప్పున భాగించుకుంటూ వచ్చాడు. లెక్క తెలిసినవాడైతే ఇరవై మూడు దగ్గర మొదలుపెట్టి, ఇరవై రెండేసి అంకెలు గంతులేస్తూ పోయేవాడు. నడుమవాటిని ముట్టుకునే పనే లేదు. ఆ సంగతి పాపం ఈయనకు చెప్పే దిక్కు లేకపోయింది.

మధ్యాహ్నం పెళ్లాం బక్కమ్మ జొన్నగటక తెచ్చింది.

"మా అన్న మల్ల కబురు పంపిండు. మిర్యాలగూడెంల ఎవుసానికి మనుషులు దొరుకుతలేరట. పోదామా?"

"ఇది ఇరగంగనే పోదామన్న గద."

"ఆరేండ్ల సంది గదే మాట. అది ఇరగది, నువ్వు కదలవు."

ఆ అంకె విరగకూడదనే ఆయన లోలోపల మొక్కుకుంటున్నాడేమోనని బక్కమ్మకు అనుమానం. ఆ మాటకొస్తే ఉప్పలయ్యకూ ఉంది. కొయ్య లేనిచోట పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. అయినా ఇచ్చిన మాట ఇచ్చిందే. ఆమె వెళ్లాక పలక అందుకున్నాడు.

పొద్దు వాలుతుండగా గరిడేపల్లి గట్టయ్య వడ్లబండి వచ్చింది.

"ఏందే ఉప్పలన్నా, ఇరిగిందా?"

"ఇయ్యాల మంచిగ దిగుతున్నది. జర ఆగు."

ఎడ్లు ఆగేలా లేవు. లేచి తాడు లాగాడు. గుండెలో కలుక్కుమంది. తాడు గుంజకు చుట్టి, బండి దాటినా కొయ్య దించకుండానే కూలబడ్డాడు. పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. మిగిలిన పంతొమ్మిదివేల నాలుగువందల ఎనభై నాలుగు పక్కన ఆఖరి ఒకటిని దించాడు. బలపం మళ్లీ లేవలేదు. కొయ్య ఇంకా పైనే ఉందేమిటని వెనక్కి వచ్చిన గట్టయ్యే ముందుగా చూశాడు.

ఉప్పలయ్య చనిపోయిన మూడోనాడు మిర్యాలగూడెం పోవడానికి బక్కమ్మ మూట కట్టుకుంది. గట్టయ్య బండి ఎక్కబోతూ, నాకా పాక చూరు కింద ఉన్న పలక చూపించింది.

"జర సూడు మరిదీ. ఇరిగిందా?"

గట్టయ్యకు అంకెలు గుర్తుపట్టడం వరకే వచ్చు. అడుగున పెద్ద అంకె కనిపించింది.

"యాడిది వదినె! ఇంక లచ్చకు పైనే మిగిలింది."

"అయితే నన్ను తోల్కపోతనన్న మాట ఉత్తదే అయింది" అని బక్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పలకను గుంజకే ఆనించి బండెక్కింది.

పలక మీద లక్షా తొంభై నాలుగువేల ఎనిమిదివందల నలభై ఒకటి అలాగే ఉంది. ఇరవై ఒక్కవేల ఆరువందల నలభై తొమ్మిది అందులో సరిగ్గా తొమ్మిదిసార్లు పోతుంది, శేషం లేకుండా.