ఎర్ర రిబ్బను ఉన్నచోటే

నా వయసు నలభై తొమ్మిది. నేను చదివేది పదమూడేళ్ళ పిల్లల కోసం రాసిన నవలలు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఒక నవ్వు నవ్వుతారు. మా అన్నయ్య దగ్గర్నుంచి కళ్ళజోళ్ళ షాపులో నా పక్కన కూర్చునే క్యాషియర్ దాకా అందరిదీ అదే నవ్వు. పెద్దవాళ్ళ నవలలు నేనూ చదివి చూశాను. వాటిలో అన్నీ అయిపోయాక ఎవరో ఒకరు కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తుంటారు. ఆ పని నేను ఇంట్లో రోజూ చేస్తూనే ఉన్నాను, దానికి మళ్ళీ డబ్బు పెట్టి పుస్తకం కొనడం దేనికి? పిల్లల కథల్లో ప్రతిదీ మొదటిసారి జరుగుతుంది. మొదటి స్నేహం, మొదటి పెద్ద అబద్ధం, ఇల్లు దాటి మొదటి ప్రయాణం. నా వయసులో మొదటిసారి జరగడానికి మిగిలింది మోకాలి నొప్పి ఒక్కటే, అదీ పోయినేడాది వచ్చేసింది.

షాపులో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. అన్నయ్య కూతురికి మొదటి కళ్ళజోడు బిగించింది నేనే. అప్పుడు దానికి పదేళ్ళు. పొట్టిగా, గుండ్రంగా ఉండేది, బుడంకాయ అని పేరు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకోనంటే పెట్టుకోనని మూతి ముడుచుకుని కూర్చుంది. "పెట్టుకుని ఈ పుస్తకం ఒక్క పేజీ చదువు, నచ్చకపోతే తీసేద్దువుగానీ" అని బేరం పెట్టాను. షాపు మూసే వేళకి అది మూడో అధ్యాయంలో ఉంది. వదిన వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సొచ్చింది.

అలా మొదలైంది. పుస్తకం ఒకటి, చదివేవాళ్ళం ఇద్దరం. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య అది తిరుగుతూనే ఉండేది. బుడంకాయ గుర్తు ఎర్ర రిబ్బను, నా గుర్తు విరిగిపోయిన కళ్ళజోడు కాడ. ఒకరికంటే ఒకరం ఒక్క అధ్యాయం మించి ముందుకి పోకూడదని షరతు. షరతు పెట్టింది అదే. "నువ్వు ముందే చదివేస్తే నీ మొహం చూడగానే నాకు తెలిసిపోతోంది అత్తా. ఎవరు చచ్చిపోతారో కూడా తెలిసిపోతోంది" అని ఒకరోజు ఏడుపు మొహం పెట్టింది. అప్పట్నుంచి నేను ఆ గీత దాటలేదు.

నవల అయ్యాక, దాన్నే బొమ్మల్లో చెప్పే గ్రాఫిక్ నవల ఎక్కడైనా దొరికితే అదీ తెచ్చుకుని పోట్లాడుకునేవాళ్ళం. ముక్కు ఇలా ఉండదు, ఇల్లు ఇంత పెద్దది కాదు అని బొమ్మలు వేసినాయన్ని ఇద్దరం కలిసి తిట్టేవాళ్ళం. ఒక్కోసారి ఆయనే గెలిచేవాడు. నాలుగు పేజీల వాన వర్ణనని ఒక్క మాట లేకుండా ఒకే ఒక్క గడిలో వేసేసేవాడు. అప్పుడు ఇద్దరం నోరు మూసుకుని చూస్తూ కూర్చునేవాళ్ళం. నా జీవితంలో నాకు బాగా నచ్చిన సాయంత్రాలు అవే.

మేం చివరగా మొదలుపెట్టింది నది నవల. పడవ నడిపే ఒక పిల్ల, తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ సముద్రం దాకా వెళ్తుంది. తన పడవకి పసుపు లాంతరు కట్టి ఉంటుంది, అచ్చం అలాంటిదే అన్న పడవకీ ఉంటుంది. దొరుకుతాడా లేదా అన్నదే కథంతా. చివరి ఐదు అధ్యాయాలు ఉన్నాయనగా బుడంకాయకి వేరే ఊళ్ళో కాలేజీలో సీటొచ్చింది. పుస్తకం నా దగ్గరే ఉంచింది. "సెలవులకి వచ్చి పూర్తి చేద్దాం, దొంగతనంగా చదివావంటే ఊరుకోను" అని వేలు చూపించి మరీ వెళ్ళింది. మొదటి సెలవులకి పరీక్షలన్నారు, ఆ తర్వాత సెలవులకి స్నేహితులతో విహారయాత్ర అన్నారు. రిబ్బను ఉన్నచోటే ఉంది. దానికి ఒక్క అధ్యాయం అవతల నా కళ్ళజోడు కాడ ఉంది.

"ఆ నాలుగు ముక్కలూ చదివేస్తే ఎవరైనా పట్టుకుపోతారా?" అన్నాడు క్యాషియర్. మాట ఇచ్చానన్నాను. ఒకసారి ఫ్రేము మార్చుకోవడానికి వచ్చిన ఓ స్కూలు పిల్ల పక్కనున్న స్నేహితురాలికి ఆ నవల కథే చెప్పడం మొదలుపెట్టింది. చివరి దాకా వచ్చేస్తుందని భయమేసి, అరగదీసే లెన్సేదీ లేకపోయినా మిషను ఆన్ చేసేశాను. ఆ మోతకి ఓనరు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

ఈలోగా నది నవల బొమ్మల్లో వస్తోందని తెలిసింది. ముందే డబ్బు కట్టి తెప్పించుకున్నాను. పుస్తకం వచ్చాక అట్ట తప్ప ఏమీ చూడలేదు. ఫోన్ చేసి చెప్తే బుడంకాయ "నిజంగానా అత్తా? ఈ ఆదివారం ఎలాగూ ఇంటికి వస్తున్నా, మధ్యాహ్నం మీ ఇంట్లో ఉంటా" అంది. ఆ వారమంతా నేను షాపులో కూనిరాగాలు తీశానని క్యాషియర్ అందరికీ చెప్పాడు. లెక్క వేసుకున్నాను. ముందు నవల్లో మిగిలింది ఇద్దరం వంతులేసుకుని పైకి చదువుతాం, తర్వాత టీ తాగుతాం, ఆ తర్వాత బొమ్మల పుస్తకం. సోఫా ముందున్న బల్ల మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

వచ్చింది. పొడుగైంది, జుట్టు కత్తిరించుకుంది, కళ్ళజోడు లేదు, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటోందట. నేను బిగించని కళ్ళు చూసి ఒక్క క్షణం బెరుగ్గా అనిపించింది. "ఏంటత్తా అలా చూస్తావు, బుడంకాయనే" అని వాటేసుకుంది. కూర్చోకుండానే బొమ్మల పుస్తకం లాక్కుని తిరగేసింది.

"ఆగవే, ముందు..." అన్నాను.

"ఒక్క నిమిషం, చివర ఎలా వేశాడో చూడాలి. మొదటిసారి చదివినప్పుడు ఆ ముగింపుకి హాస్టల్ బాత్‌రూంలో కూర్చుని ఎంత ఏడ్చానో తెలుసా? రూమ్మేట్ దగ్గర ఆ నవల ఉంది. ఒక్క రాత్రిలో ఇద్దరం చదివేశాం."

నాకు చెవుల్లో మిషను మోత లాంటిది వినిపించింది. అది నా వైపు చూడట్లేదు, పేజీలు తిప్పుతోంది. షరతు గుర్తుండి మొహం దాచుకోవడం కాదు. అసలు గుర్తే లేదు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి, సోఫా మీదున్న న్యూస్‌పేపరు తీసి నవల మీద కప్పింది. రెండు గుర్తులూ ఎక్కడున్నాయో చూసిందంటే బాధపడుతుంది. అది చిన్నప్పట్నుంచీ అంతే, ఎవరినైనా నొప్పించానని తెలిస్తే అన్నం మానేస్తుంది.

"ఇదిగో, చూడు చూడు" అని చివరి పేజీ నా మొహం ముందు పెట్టింది.

నేను కళ్ళజోడు తీసేసి చీరకొంగుతో తుడవడం మొదలుపెట్టాను. కళ్ళజోడు లేకపోతే దగ్గరివేవీ నాకు ఆనవు. జనానికి కనిపించేలా చెయ్యడం నా ఉద్యోగం, ఆరోజు నాకు కనిపించకుండా చేసుకున్నాను. పేజీ అంతా నీలం. మధ్యలో పసుపు. మచ్చ ఒకటా, రెండా తెలియలేదు.

"బాగుంది కదా?"

"చాలా బాగుంది" అన్నాను.

"నవల్లో కంటే ఇందులోనే బాగుంది కదా? నువ్వు చెప్పు."

"బొమ్మలాయనే గెలిచాడు" అన్నాను, అద్దాలు ఇంకా తుడుస్తూ. నా మొహం చూస్తే తెలిసిపోతుందని ఒకప్పుడు ఏడ్చిన పిల్ల, ఆరోజు నా మొహంలో ఏమీ కనిపెట్టలేదు. నాకు సంతోషించాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

టీ తాగింది, రూమ్మేట్ గురించి చెప్పింది. వాళ్ళిద్దరూ అచ్చం ఇలాగే పుస్తకాలు కలిసి చదువుతారట. "నువ్వు నేర్పిందేగా అత్తా" అంది. ఆ మాట మనసులోంచే అంది. వెళ్ళేటప్పుడు బొమ్మల పుస్తకం గుండెకి ఆనించుకుని అడిగింది. "ఇది తీసుకెళ్ళనా? రూమ్మేట్‌కి చూపించి తెచ్చిస్తా."

"తీసుకెళ్ళు. తొందరేం లేదు."

గేటు దాకా వెళ్ళి చెయ్యి ఊపి వచ్చాను. రెండు కప్పులూ కడిగాను. న్యూస్‌పేపరు తీసి నవల ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, తడుముకుంటూ ఎర్ర రిబ్బను తీసుకెళ్ళి చివరి పేజీలో పెట్టాను. బుడంకాయ చోటు ఇప్పుడు అదే. దానితో నా మీద ఉన్న షరతు తీరిపోయింది. ఎంత ముందుకైనా చదువుకోవచ్చు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాను.

చదివాను. నది సముద్రం దగ్గరికి వచ్చేస్తోంది, పిల్ల లాంతరులో నూనె అయిపోతోంది. ఎంత బాగా రాశారంటే, పక్కకి తిరిగి "చూశావుటే" అనబోయాను. అధ్యాయం అయిపోగానే అలవాటుగా కాడ పెట్టి పుస్తకం మూసేశాను. ఒక్క అధ్యాయం అయితే ఆగాలి కదా, బుడంకాయ వచ్చి అందుకునేదాకా.

అది ఎప్పుడో చివరిదాకా వెళ్ళిపోయింది, వెనకబడింది నేనే. ఇన్నాళ్ళూ నేను దాని కోసం ఆగానంతే, నా కోసం అక్కడెవరూ ఆగి లేరు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి కాస్త గట్టిగానే ఏడ్చాను.

తర్వాత కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాను, ఈసారి కనిపించడానికి. కాడ తీసి బల్ల మీద పెట్టేసి, తర్వాతి అధ్యాయం తెరిచాను.