ప్యాడ్ల మిషన్‌కు పూజ

తిరుపతిలో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ప్యాడ్ల మిషన్ పెట్టి మూడు నెలలైంది. బటన్ నొక్కితే చాలు, ఒక ప్యాడ్ ఉచితంగా పడుతుంది. నొక్కే దగ్గరే వచ్చింది చిక్కంతా.

ప్రారంభోత్సవం నాడు ఆఫీసు సూపరింటెండెంట్ శేషసాయి గారు మిషన్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, దాని నెత్తిన అమ్మవారి పటం అతికించారు. ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చినా ఆయన ఇంతే చేస్తారు. పటమున్న వస్తువును నెలసరిలో ఉన్నవాళ్లు తాకకూడదు. నెలసరిలో లేనివాళ్లకు దానితో పని లేదు. ఇంతమంది డాక్టరేట్లున్న కాలేజీలో ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు. మిషన్ మీద పూలు మాత్రం రోజూ మారేవి.

ఆ శుక్రవారం పది గంటలకు రెండో సంవత్సరం మహితకు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. నగరి నుంచి బస్సులో నిలబడే వచ్చింది. కాలేజీ గేటు దాటాక తెలిసింది, నెలసరి నాలుగు రోజులు ముందే వచ్చేసిందని. సంచిలో రికార్డు ఉంది, తెల్లకోటు ఉంది, కావలసింది లేదు. పదయితే ల్యాబ్ తలుపు మూసేస్తారు. మళ్లీ పరీక్ష వచ్చే ఏడాదే.

మిషన్ దగ్గరికి పరిగెత్తితే అటెండర్ రాఘవమ్మ అడ్డం నిలబడింది.

“యాడికి పాపా? బాగుండావా, బయటుండావా?”

“ఇప్పుడే అయిందక్కా. ఒకటి తీసుకుంటా.”

“అయ్యో, ఆడ పటముండాది! నువ్వు తాకకూడదు. బాగుండే పిల్లనెవురినన్నా పిలుసుకోని రా.”

“అందరూ ల్యాబులోకి పోయినారు. నువ్వే నొక్కక్కా.”

రాఘవమ్మ గొంతు తగ్గించింది. “నాకూ నిన్ననే అయింది. పాతగుడ్డతోనే నెట్టుకొస్తా ఉండా. సార్‌కు సెప్పొద్దు.”

అప్పుడే శేషసాయి గారు పూలబుట్టతో వచ్చారు. మహిత సిగ్గు చంపుకుని అడిగింది. “సార్, మీరు నొక్కండి సార్.”

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. “నేనా? అందులోంచి పడేదాన్ని నేనెట్లా తాకుతానమ్మా! అర్జీ రాసివ్వు. శుద్ధిగా ఉన్న అమ్మాయినొకరిని డ్యూటీకి పెట్టిస్తాం.”

పదికి ఆరు నిమిషాలుంది. మహితకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపును తోసుకుంటూ కోపమొచ్చింది. రాఘవమ్మ చేతికింద దూరి, బటన్ మీద అరచెయ్యి వేసి నొక్కింది. టప్పున పడింది ప్యాడ్.

“అపచారం!” అని అరిచారు శేషసాయి గారు. “మిషన్ మొత్తం మైల పడిపోయింది! ఇంకది పూజకు పనికిరాదు!”

పరిగెత్తబోతున్న మహిత ఆగింది. “పనికిరాదు గదా సార్? అయితే ఆ పటం మీరు తీసుకోనిపోండి. మిషన్ మాకు వదిలేయండి.”

నియమం ఆయనదే, కాదనడానికి లేదు. జవాబు కోసం మహిత నిలబడలేదు. బాత్రూముకు పోయొచ్చి, ల్యాబ్ తలుపు మూస్తుండగా లోపలికి దూరింది.

ఒంటిగంటకు పరీక్ష ముగించుకుని ఆమె తిరిగొచ్చేసరికి పటం ఆఫీసు గోడకు చేరింది. పూలు లేవు. కుంకుమ బొట్లను ఎవరో తడిగుడ్డతో తుడిచారు. మిషన్ ముందు పదిమంది అమ్మాయిలు వరుసలో నిలబడి ఉన్నారు.

అందరికంటే ముందు రాఘవమ్మ ఉంది.