గ్రావ్ నాటిన పారలు

ఫిబ్రవరి వరద ఫ్రీస్లాండ్ తీరాన్ని ముంచిన ఏడు అది. ఆకులు రాలే కాలం దగ్గరపడుతోంది. ఆ వరదలో మునిగి చచ్చిపోయినవాళ్ళ పేర్లు చర్చిలో, సముద్రపు కట్టల అజమాయిషీ చూసే కట్టపెద్ద చదివాడు. ముగ్గురు భూస్వాములు, ఇంటిపేర్లతో సహా. ఆ తర్వాత, "గ్రావ్, కొందరు" అని కాగితం మడిచేశాడు.

వెనక వరసలో వోప్కే టోపీ నలుపుతూ నిలబడ్డాడు. ఆ కొందరిలో అతని కూతురు హిస్కే ఉంది. గ్రావ్ అంటే కూలిజనం, అలగాజనం. దొరల నోట పేరు లేనివాళ్ళ పేరు. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే. ఈసారి మాత్రం ప్రార్థనకి ఆగకుండా బయటికి నడిచాడు.

బయట కూలీలు కట్టపెద్దను చుట్టుముట్టారు.

"మా గుడిసెల ముందు కట్ట నడుమెత్తు తక్కువుంది దొరా. మళ్ళీ తుఫాను రాకముందే అది లేపించండి" అంది మట్టి మోసే డౌట్సెన్.

"ముందు పొలాల కట్ట. గ్రావ్‌కి తొందరేంటి? అర్జీ పెట్టుకోండి."

"పెట్టినవన్నీ చుట్టలు ముట్టించుకోడానికి పనికొచ్చాయా?"

దొర గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఇంతే. అడగడం, తల దించుకుని పనిలోకి పోవడం.

సారాకొట్లో వాదులాట మొదలైంది. "పని మానితే పస్తులే" అన్నాడు కూలీల్లో ఒకడైన రిన్సే.

"చేస్తే మాత్రం మునగవేంట్రా?" అని డౌట్సెన్ ఎగిరింది.

వోప్కే లేచాడు. "కట్ట మీద పార నాటి పోదాం. నాటితే ఆ ముక్క వదిలేసినట్టు. పీకినవాడు కట్టలో ఆ ముక్క పనంతా తన నెత్తినేసుకోవాలి. తాతలనాటి కట్టుబాటు."

"అది భూములున్నోళ్ళ కట్టుబాటు మావా. మనకి భూమెక్కడిది?" అన్నాడు రిన్సే.

"చేతులున్నాయిగా."

మర్నాడు పొలాల కట్ట పొడుగునా పారలు నిలబడ్డాయి. కూలీలు చేతులు కట్టుకుని కింద నిలబడ్డారు. కట్టపెద్ద జవాన్లతో వచ్చాడు. కోపంతో, వోప్కే నాటిన పారని పీకి సముద్రంలోకి విసిరాడు.



"పీకాడ్రోయ్! దొర పీకాడు!" అని డౌట్సెన్ అరిచింది. కట్టంతా నవ్వు.

జవాన్లు ఆమె జుట్టు పట్టి ఈడ్చారు. "పేరు రాసుకోండ్రా! డౌట్సెన్! గ్రావ్ అని రాశారో, ఊరుకోను!" అని దారిపొడుగునా కేకలేస్తూనే పోయింది.

మిగతా పారలు ముట్టడానికి జవాన్లకు చెయ్యి రాలేదు.

తెల్లారి వోప్కే మట్టి లాగే ఒంటిచక్రం బండి తోసుకుంటూ బయల్దేరాడు. వెనకాల గుడిసెలన్నీ కదిలాయి. దొర గుమ్మంలో బండి దించి తలుపు బాదాడు.

"నేను హిస్కే నాన్నని. మా డౌట్సెన్‌ని వదిలెయ్. కట్టమీద నీ ముక్క కాచుక్కూచుంది. రా."