ఒక నూలు ఎడమకు

నేను ఒక సైకిల్‌ని. మిగతా సైకిళ్లు కంపెనీల్లో పుడతాయి. నేను జమ్మలమడుగులో, ముద్దనూరు రోడ్డు పక్కన, మహబూబ్ బాషా గ్రిల్లుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసిన చేతులు అంతకుముందు ముప్పై ఏళ్లలో ఒక్క సైకిల్‌నూ చేయలేదు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేశాయి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. నాలోని తప్పు అక్కడి నుంచే వచ్చింది. నా బతుకు కూడా.

నన్ను చేయించుకున్న మనిషి పేరు రామతులసి. ఎర్రమిట్ట ఆమె ఊరు. అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఏడేళ్ల వయసులో ఎద్దులబండి మీద నుంచి పడితే ఎడమ మోకాలు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక అతికింది కానీ మోకాలు ఇక వంగలేదు. పదో తరగతి మార్కుల మీద ఆమెకు పల్లె పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగం వచ్చింది. నాలుగు ఊళ్లు, రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు. ఆ పనికి సైకిల్ తొక్కడం వచ్చి ఉండాలి. నెల రోజుల్లో పోస్టల్ ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఆయన ముందు తొక్కి చూపించాలి. లేకపోతే జాబితాలో ఆమె కింద ఉన్న పేరును పిలుస్తారు.

మూడు సైకిల్ షాపుల వాళ్లు ఆమె మోకాలు చూసి, తర్వాత రోడ్డు వైపు చూశారు. కుదరదని మనుషులు చెప్పే పద్ధతుల్లో అదొకటి. నాలుగోసారి ఆమె గ్రిల్లుల షెడ్డు ముందు ఆగింది. ఆ తర్వాత జరిగిన మాటలు బాషా నా ఎదుటే చాలామందికి చెప్పాడు కాబట్టి నాకు బాగా తెలుసు.

"నేను జేసేటివన్నీ నిలబడేటివి మ్మా. కదిలేటివి గాదు" అన్నాడు బాషా.

"గేటు కదుల్తాది గదన్నా" అంది ఆమె.

బాషా వెల్డింగ్ అద్దం పైకెత్తి ఆమెను చూశాడు. "కదుల్తాది. అట్లని గేటెక్కి ఉత్తరాలు ఎవురన్నా పంచినారా?"

"పంచేవాళ్లకు గేట్లు జేసేవాన్ని అడిగే గతి పట్టలేదు. నాకు పట్టింది."

అతడు ఆమెను ఇనుప స్టూలు మీద కూర్చోబెట్టి టేపు తీశాడు. కిటికీని కొలిచినట్టే కొలిచాడు. నడుము నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు, చాపిన ఎడమ పాదం ఆనే చోటు నుంచి నేలకు. అంకెలన్నీ సుద్దముక్కతో గోడ మీద రాసుకున్నాడు.

ఒక ఇంటి మెట్ల రెయిలింగు కోసం తెచ్చిన గొట్టంలో ఎనిమిది అడుగులు మిగిలింది. దాన్లో పొడి ఇసుక కూరి, రెండు చివరలా కొయ్య బిరడాలు కొట్టి, వేడి చేసి వంచాడు. ఇసుక లేకుండా వంచితే గొట్టం నొక్కుకుపోతుంది. ఆ వంపే నా ఒళ్లు. ముందు చక్రం దగ్గర మొదలై, నేలకు జానెడు ఎత్తున కిందికి దిగి, వెనక చక్రం దాకా లేస్తుంది. కాలు ఎత్తకుండా ఎక్కవచ్చు. వంపు ఊగకుండా మధ్యలో రెండు ఇనుప మామిడి పిందెలు అతికాడు. అవి కిటికీ గ్రిల్లులో వేసే పిందెలే. అతడికి వచ్చిన బలం ఆ ఆకారంలోనే వచ్చింది. చక్రాలు, గొలుసు ఒక పాత లేడీస్ సైకిల్‌వి. ఎడమ పెడల్ తీసేసి, చాపిన పాదం ఆనే చోట ముందు వైపు ఒక పలక అతికాడు. తొక్కడం ఆపినా వెనక చక్రాన్ని విడిగా తిరగనిచ్చే ఫ్రీవీల్‌ను కదలకుండా వెల్డింగ్ చేశాడు. దానివల్ల చక్రం తిరిగినంతసేపూ కుడి పెడల్ తనంతట తానే పైకి వస్తుంది, ఒక్క కాలు చాలు. షెడ్డులో ఆ వారం ఉన్న రంగు చిలకపచ్చ. నాకు అదే పూశాడు.

వంచిన తర్వాత ఇసుక దులిపాడు కానీ అంతా రాలేదు. ఇప్పటికీ నన్ను తలకిందులు చేస్తే లోపల గుప్పెడు ఇసుక జారుతుంది.

ఇక నా తప్పు సంగతి. అంగుళంలో ఎనిమిదో వంతును ఇనుప పనివాళ్లు నూలు అంటారు. గేటు బిగించేటప్పుడు బాషా పై కీలును ఒక నూలు పక్కకు వంచుతాడు. అప్పుడు గేటు వదిలేస్తే తనంతట తానే మూసుకుంటుంది. ముప్పై ఏళ్లుగా వంచుతున్నాడు. నా హ్యాండిల్ దిగే గొట్టాన్ని అతికేటప్పుడు కూడా చెయ్యి ఆ పనే చేసింది. ఒక నూలు, ఎడమకు. అది అతడికి తెలియదు. చేతికి తెలుసు.

ఎర్రమిట్ట స్కూలు మైదానంలో రామతులసి ఎక్కింది. పట్టు కాస్త సడలితే చాలు, నేను ఎడమకు పోయేదాన్ని. మొదటి రోజు ఆరుసార్లు పడింది. అన్నిసార్లూ ఎడమకే. స్కూలు ప్రహరీ మీద కూర్చున్న ముసలాయన ఒకడు, పేరు పుల్లారెడ్డి, వాళ్ల ఊరివాడే, లెక్కపెట్టి చెప్పేవాడు.

"ఏడు" అన్నాడు రెండో రోజు.

"నీకు పన్లేదా పెద్దాయనా?" అంది ఆమె, మోచేయి దులుపుకుంటూ.

"ఇదే గదమ్మా పని. నువ్వు మానేచ్చే నేనేం జెయ్యాల?"

పదకొండో రోజున అతడు లెక్క ఆపేశాడు. ఆమె పడలేదు.

పదిహేడో రోజున బాషా కట్టింగ్ సామాను మోటార్‌సైకిల్‌కు కట్టుకుని వచ్చాడు. ఆమె రోడ్డు మీద వెళ్తుంటే వెనక నుంచి చూశాడట, నేను వంకరగా పోవడం. రెండు రాత్రులు నిద్ర పట్టలేదన్నాడు.

"నూలు తప్పు బోయినా మ్మా. గేటు అలవాటు. కోసి మళ్ల అతుకుతా. ఒక్క పూట."

"ఎల్లుండి కాకుండా ఆవులెల్లుండి ఇన్‌స్పెక్టరు వచ్చేదుండాదన్నా."

"అందుకే. ఆయన ముందర పడితే నా పేరు జెప్తారు."

ఆమె నన్ను ఒక అడుగు వెనక్కి నెట్టింది. పెడల్ పైకి వచ్చింది. ఎక్కి, ప్రహరీ దాకా పోయి, తిరిగి వచ్చి, బాషా కాళ్ల ముందు బ్రేకు వేసి చెయ్యి వదిలింది. నేను ఎడమకు ఒరిగాను. చాపిన కాలు నేలకు ఆనింది. వంగని కాలు కాబట్టి స్తంభంలాగా నిలబడింది. ఆమె దాని మీద, నేను ఆమె మీద ఆగాం.

"ఇది పడే పక్కనే నాకు కాలుండాది. తిన్నంగా జేచ్చే యా పక్క పడతాదో నాకేం తెల్సు? కొయ్యొద్దు" అంది.

బాషా నా గొట్టం మీద చెయ్యి పెట్టి, అతుకు వెంట వేలితో తడిమాడు. పనివాడికి తన తప్పును అలాగే వదిలిపెట్టడం ఎంత కష్టమో ఆ చేతిలో తెలిసింది. తర్వాత సామాను మళ్లీ కట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు పేరు శేషఫణి. చెప్పిన రోజునే స్కూలు దగ్గరికి వచ్చాడు. నన్ను చూసి, చేతిలోని కాగితం చూసి, మళ్లీ నన్ను చూశాడు.

"ఇది సైకిలేనామ్మా?"

"రెండు చక్రాలుండాయి సార్."

నీళ్ల ట్యాంకు దాకా పోయి రమ్మన్నాడు. పోయి వచ్చాం. ఇంకోసారి, ఈసారి సంచీతో అన్నాడు. సంచీతో పోయి వచ్చాం. ఆమె ఆగి కాలు ఆనించింది. ఆయనకు ఇంకా అనుమానం తీరక తానే ఎక్కాడు. పది గజాల దూరంలో రోడ్డుకు ఎడమ పక్కన పోసిన కంకర కుప్పలో దిగాడు.

"ఒకటి" అన్నాడు ప్రహరీ మీద నుంచి పుల్లారెడ్డి.

శేషఫణి ప్యాంటు దులుపుకుని, కాగితం మీద 'సైకిల్ తొక్కడం వచ్చు' అని రాసి సంతకం చేశాడు. ఎవరికి వచ్చో రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు తిరిగాం. హాల్ టికెట్లు, ఆధార్ కార్డులు, కోర్టు నోటీసులు, దుబాయి నుంచి వచ్చే పార్శిళ్లు. ఒకసారి జమ్మలమడుగు సంతలో నన్ను దొంగ ఎత్తుకుపోయాడు. ఎడమ పక్క టీకొట్టు బెంచీకి గుద్దుకుని నన్ను అక్కడే వదిలి పారిపోయాడు. అతడి చెప్పు ఒకటి మా దగ్గరే ఉండిపోయింది.

ఎవరో తీసిన ఫొటో చూసి బెంగళూరు నుంచి నిరంజన్ అనే అతను వచ్చాడు. కోరినవాళ్లకు కోరినట్టు సైకిళ్లు చేసే పని అతడిది. రోజంతా నన్ను కొలిచాడు. వంపు గీశాడు, మామిడి పిందెలు గీశాడు. నూలు తేడా కంప్యూటర్‌లో కనబడింది, దాన్ని సరిచేసి నాలాంటి సైకిళ్లు చేశాడు. ఆ సైకిళ్లు బాగా అమ్ముడయ్యాయి. కాఫీ షాపుల ముందు నిలబెట్టి వాటితో ఫొటోలు దిగుతారట. అతడు రామతులసికి ఒకటి కానుకగా పంపాడు. ఆమె ఎక్కి ఆపింది. అది కుడికి పడింది, కుడి కాలేమో పెడల్ మీద ఉంది. ఫోను చేసి, సైకిలు చానా బాగుందని, రెండు మోకాళ్లూ మడిచే వాళ్లకు ఇమ్మని చెప్పింది.

నిరంజన్ మళ్లీ వచ్చాడు. ఈసారి నన్ను కొలవలేదు. ఆమె ఎక్కడం, దిగడం ఒక పూటంతా కూర్చుని చూశాడు.

పోయిన ఏడాది నా సీటు దగ్గర అతుకు పగిలింది. బాషా ఆమెకు ఇంకో సైకిల్ చేసిచ్చాడు, అదే వంపు, అదే నూలు. ఈసారి కావాలనే వంచాడు. నన్ను షెడ్డులో కొక్కేనికి తగిలించాడు. నా కింద గోడ మీద కొలతలు పెరుగుతున్నాయి. ఒక్కో వరుస పక్కన ఒక పేరు, ఒక ఊరు. తన సైకిళ్లు సరిపోని వాళ్లను నిరంజన్ ఇక్కడికి పంపుతున్నాడు.

నిన్న ఆళ్లగడ్డ నుంచి ఒకామె వచ్చింది. పేరు హుస్సేనమ్మ, పాలకేంద్రంలో పని. బాషా టేపు తీయకముందే ఒక మాట అడిగాడు.

"ఆగినప్పుడు యా కాలు కింద బెడ్తావు మ్మా?"

"కుడిది" అంది ఆమె.

ఈ ఉదయం అతడు గొట్టంలో ఇసుక పోసి వంచాడు. మధ్యాహ్నం హ్యాండిల్ గొట్టం నిలబెట్టాడు. చెయ్యి ఎడమకు పోయింది. ఆగాడు. తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత గొట్టాన్ని ఒక నూలు కుడికి వంచి, అద్దం దించుకుని, నిప్పు ముట్టించాడు.